పాత పికప్‌లో మిస్సింగ్: లోపాన్ని పట్టే వరస

నాలుగు సిలిండర్ల ఇంజను రెండు చుట్లు తిరిగేసరికి నాలుగు సిలిండర్లూ ఒక్కొక్కసారి మండాలి. నిమిషానికి 800 చుట్ల చొప్పున నిలకడగా తిరుగుతున్న ఇంజనులో ఒక్కో సిలిండరు 400 సార్లు, అన్నీ కలిపి 1600 సార్లు మండుతాయి. వాటిలో ఒకటి సరిగ్గా మండకపోతే మెకానిక్కులు దాన్నే మిస్సింగ్ అంటారు. అప్పుడు మిగతా మూడు సిలిండర్లూ బండిని లాగడమే కాక, మండని సిలిండరులోని పిస్టన్‌ను కూడా ఆడించాలి. అందువల్ల పోయే బలం పావు వంతుకన్నా ఎక్కువే ఉంటుంది. బండి వణుకుతుంది. సైలెన్సర్ చప్పుడు లయ తప్పుతుంది.

లాగుడు తగ్గడం దీనికి చుట్టమే కానీ ఇదీ అదీ ఒకటి కాదు. ఇంజను చప్పుడు సాఫీగా ఉంటూనే బండి ఎత్తు ఎక్కలేకపోవచ్చు, లోడు వేస్తే మూడో గేరు దాటలేకపోవచ్చు. చప్పుడు లయ తప్పితే లోపం ఏదో ఒక సిలిండరుకు సంబంధించింది: నాజిల్, వాల్వు, కంప్రెషన్, లేదా ఆ సిలిండరుకు వెళ్ళే పైపు. చప్పుడు సాఫీగా ఉండి బలం మాత్రమే తగ్గితే లోపం నాలుగింటికీ ఉమ్మడిగా అందే దాంట్లో ఉంది: గాలి, డీజిల్, పొగ బయటికి పోయే దారి. బండి దగ్గర నిలబడి ఒక నిమిషం విని ఈ తేడా పట్టుకుంటే, వెతకాల్సిన చోట్లలో సగం పక్కకు పోతాయి.

అండమాన్ నికోబార్ దీవుల్లో ఈ పనిని వరసగా చేయాల్సిన అవసరం మరీ ఎక్కువ. ఒకప్పుడు పోర్ట్ బ్లెయిర్‌గా, 2024 సెప్టెంబరు నుంచి శ్రీ విజయ పురంగా పిలుస్తున్న రాజధాని నుంచి చెన్నై సుమారు 1190 కిలోమీటర్లు. స్థానికంగా దొరకని నాజిల్ గానీ, పంపు సామాను గానీ ఓడలోనో విమానంలోనో రావాలి. అనుమానం మీద ఒక సామాను తెప్పించి, అది కాదని తేలాక ఇంకొకటి తెప్పిస్తే, బండి వారాల తరబడి షెడ్డులోనే ఉంటుంది. సామాను మార్చి చూడడం పరీక్ష కాదు. పరీక్ష చేసి సామాను మార్చడమే పద్ధతి.

ఇక్కడి పాత పికప్‌లు చాలావరకు డీజిల్ బళ్ళే. మహీంద్రా బొలెరో పికప్‌లలో చాలా ఏళ్ళు వచ్చిన 2523 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజను, టాటా 207 ఇంజను ఈ కోవలోవి. డీజిల్ ఇంజనులో మంట పుట్టించే స్పార్క్ ప్లగ్గు ఉండదు. పిస్టను గాలిని సుమారు 18వ వంతుకు నొక్కుతుంది. ఆ ఒత్తిడికి గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. ఆ వేడి గాలిలోకి నాజిల్ డీజిల్‌ను సన్నని తుంపరగా కొడితే అదే అంటుకుంటుంది. కాబట్టి డీజిల్ బండిలో మిస్సింగ్‌కు అడగాల్సిన ప్రశ్నలు మూడే. సిలిండరులోకి తగినంత గాలి వచ్చిందా? అది తగినంత వేడెక్కిందా? డీజిల్ సరైన సమయానికి, సరైన తుంపరగా పడిందా?

అయితే బానెట్ ఎత్తకముందే చూడాల్సినవి రెండున్నాయి. తప్పు ఇంజనుది కాకపోయినా ఇంజనుకే అంటగట్టే సందర్భాలు ఈ రెండింటితోనే ఎక్కువ వస్తాయి. మొదటిది బ్రేకు. జంగ్లీఘాట్ రేవు నుంచి చేపలు మోసే బళ్ళను చూస్తే కారణం తెలుస్తుంది. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు మత్స్యకార కుటుంబాలకు ఆ రేవు ఎన్నో ఏళ్ళుగా జీవనాధారం. చేపల పెట్టెల నుంచి కారే ఉప్పు కలిసిన మంచునీరు బండి తొట్టి సందుల్లోంచి చాసిస్ మీదికి, బ్రేకు డ్రమ్ముల మీదికి, హ్యాండ్ బ్రేక్ కేబుల్ మీదికి రోజూ దిగుతుంది. తుప్పు పట్టిన కేబుల్, వీల్ సిలిండరు వెనక్కి రాకపోతే బ్రేకు సగం పట్టుకునే ఉంటుంది. కొద్ది దూరం నడిపి, బ్రేకు ఎక్కువ వాడకుండా ఆపి, చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడాలి. ఒక డ్రమ్ము మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే లోపం అక్కడ. సమతలం మీద న్యూట్రల్‌లో తోస్తే బండి సులువుగా కదలాలి.

రెండోది క్లచ్. పైగేరులో ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటరు తొక్కినప్పుడు ఇంజను చప్పుడు పెరిగి బండి వేగం పెరగకపోతే, కాలిన వాసన కూడా వస్తే, క్లచ్ ప్లేటు జారుతోంది. మిడిల్ స్ట్రెయిట్ దగ్గర వాహనాల ఫెర్రీ మీదికి లోడుతో ఎక్కేటప్పుడు అర క్లచ్‌లో ఆపి ఆపి కదిలించే బళ్ళలో ప్లేటు త్వరగా అరుగుతుంది.

ఈ రెండూ బాగున్నాయని తేలాక సైలెన్సర్ పొగ చూడాలి. నల్ల పొగ అంటే డీజిల్‌కు తగ్గ గాలి లేదు, లేదా నాజిల్ తుంపర కొట్టకుండా ధారగా కారుస్తోంది. నీలి పొగ అంటే ఇంజన్ ఆయిల్ మండుతోంది. రింగులో, వాల్వు సీళ్ళో, టర్బో సీలో అరిగి ఉంటాయి. తెల్ల పొగ మండని డీజిల్‌దీ కావచ్చు, ఆవిరైన నీటిదీ కావచ్చు. కళ్ళు మండించే డీజిల్ వాసన వస్తే మొదటిది. రేడియేటరు నీరు కూడా తగ్గుతుంటే రెండోది. చలి ప్రాంతాల్లో ఉదయం పూట కొంచెం తెల్ల పొగ వస్తే పట్టించుకోరు. ఈ దీవుల్లో ఉష్ణోగ్రత 20 డిగ్రీల లోపుకు దిగడం అరుదు. అందువల్ల ఇక్కడ ఉదయం స్టార్ట్ చేయగానే కళ్ళు మండించే తెల్ల పొగతో మిస్ కొట్టి, వేడెక్కాక సర్దుకునే ఇంజనును చలి పేరు చెప్పి వదిలేయకూడదు. అది కంప్రెషన్ తగ్గిందనో, ఆ సిలిండరు నాజిల్ కారుతోందనో చెప్పే గుర్తు.

పొగ అసలు లేకుండా లాగుడు తగ్గితే? అప్పుడు డీజిలే చాలడం లేదు. ఈ ఒక్క గమనిక చాలా ఖర్చు తప్పిస్తుంది. నల్ల పొగతో బలం తగ్గితే గాలి వైపు, పొగ లేకుండా బలం తగ్గితే డీజిల్ వైపు వెళ్ళాలి.

గాలి వైపు పని తొందరగా అవుతుంది. ఎయిర్ ఫిల్టరు బయటికి తీసి వెలుతురుకు పట్టి చూస్తే మడతల్లోంచి వెలుగు కనబడాలి. వానలో తడిసి ముద్దయిన కాగితం ఫిల్టరు, దుమ్ము పట్టినదానికన్నా ఎక్కువ అడ్డు. టర్బో ఉన్న బండిలో టర్బో నుంచి ఇంజనుకు వెళ్ళే రబ్బరు గొట్టాలు, వాటి క్లిప్పులు చేత్తో తడిమి చూడాలి. చిట్లిన గొట్టం దగ్గర ఆయిలు తడి కనిపిస్తుంది. లోడు పడినప్పుడు ఈలలాంటి చప్పుడు వస్తుంది. సైలెన్సర్ గొట్టం లోపల తుప్పు రేకులు ఊడి అడ్డుపడినా, దెబ్బ తగిలి నొక్కుకుపోయినా ఇంజను ఊపిరాడనట్టే నడుస్తుంది. సైలెన్సర్‌కు పోయే పొగలో కొంత తిరిగి ఇంజనులోకి పంపే ఈజీఆర్ ఉన్న బళ్ళలో దాని వాల్వు మసి పట్టి తెరుచుకునే ఉండిపోతే నల్ల పొగ, బలహీనత రెండూ కలిసి వస్తాయి.

డీజిల్ వైపే అసలు పని. దీవుల్లో ఏడాదికి సుమారు 3000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మే నుంచి నవంబరు దాటేదాకా గాలిలో తేమ తగ్గదు. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులోకి చొరబడే తేమగాలి రాత్రి చల్లబడి గోడల మీద నీటి బొట్లుగా మారి అడుగుకు చేరుతుంది. డ్రమ్ములో నిల్వ చేసి వాడే చోట నీరు కలిసే అవకాశం ఇంకా ఎక్కువ. నీరూ డీజిలూ కలిసే పొర దగ్గర సూక్ష్మజీవులు పెరిగి నల్లని జిగురు తయారవుతుంది. అది జాలీకీ, ఫిల్టరుకూ అడ్డం పడుతుంది. నీరు నాజిల్ దాకా పోతే మిస్సింగ్‌తో ఆగదు. సన్నగా సాన పట్టిన ఆ ఉక్కు భాగాలు తుప్పు పట్టి పట్టేస్తాయి.

కాబట్టి ముందు ఫిల్టరు అడుగున ఉన్న స్క్రూ వదులు చేసి, వచ్చినదాన్ని గాజు సీసాలో పట్టాలి. అరగంట కదపకుండా ఉంచితే నీరు అడుగుకు చేరుతుంది, తేలికైన డీజిల్ పైన నిలుస్తుంది. గీత స్పష్టంగా కనబడుతుంది. నీరు కనబడితే ఫిల్టరు మార్చి ఊరుకోకూడదు. ట్యాంకు అడుగు కూడా ఖాళీ చేసి కడగాలి. లేకపోతే కొత్త ఫిల్టరుకూ అదే గతి పడుతుంది.

తరవాత ట్యాంకు మూత. బండి కొన్ని కిలోమీటర్లు బాగా నడిచి, ఆపైన నీరసించి, కాసేపు ఆపితే మళ్ళీ బాగుంటే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయిందని అనుమానించాలి. డీజిల్ ఖాళీ అయిన మేరకు ట్యాంకులోకి గాలి రాకపోతే ఫీడ్ పంపు ఎంత లాగినా డీజిల్ రాదు. నీరసించినప్పుడు మూత తిప్పి చూస్తే గాలి బుస్సున లోపలికి పోతుంది. ఇంజను కోలుకుంటుంది. డబ్బు ఖర్చు లేని పరీక్ష ఇది.

గాలి పట్టడం మరో పెద్ద కారణం. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న పైపులో డీజిల్ నెట్టబడదు, పీల్చబడుతుంది. అక్కడ చిన్న రంధ్రం పడితే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి వస్తుంది. అందుకే చుక్క తడి కనబడకపోయినా లోపం ఉండవచ్చు. సముద్రపు గాలికి, చేపల నీటికి ఇనుప పైపు క్లిప్పుల కింద తుప్పు పట్టి సూది మొనంత రంధ్రం పడడం ఇక్కడ మామూలే. పంపుకు ముందు ఒక జానెడు పారదర్శకమైన డీజిల్ గొట్టం తగిలించి ఇంజను నడిపితే బుడగలు కంటికే కనబడతాయి. బుడగలు లేకుండా డీజిల్ నిండుగా పారుతుంటే ఈ అనుమానం వదిలేయవచ్చు.

ఇంకా తేల్చుకోలేకపోతే ట్యాంకును, పైపును పూర్తిగా పక్కన పెట్టే పరీక్ష ఒకటుంది. శుభ్రమైన డబ్బాలో వడపోసిన డీజిల్ పోసి, కొత్త గొట్టంతో ఫీడ్ పంపుకు కలపాలి. వెనక్కి వచ్చే రిటర్న్ గొట్టాన్ని కూడా అదే డబ్బాలోకి వదలాలి. హ్యాండ్ ప్రైమర్‌తో గాలి తీసి స్టార్ట్ చేయాలి. డబ్బాను ఇంజను వేడికి, ఫ్యాను రెక్కలకు దూరంగా కదలకుండా కట్టాలి. ఇలా నడిపినప్పుడు లోపం పోతే అది ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్యే ఉంది. పోకపోతే ఆ భాగమంతా నిర్దోషి. ఈ పరీక్ష చేయకుండానే డీజిల్ పంపు విప్పించేవారు ఎందరో ఉన్నారు. పంపు విప్పాక దాన్ని మళ్ళీ కొలత ప్రకారం సరిచేయడానికి ప్రత్యేకమైన యంత్రం కావాలి, అలవాటున్న చెయ్యి కావాలి. అందుకే పంపుకు ఆఖరి వంతు ఇవ్వాలి.

లోపం ఒక్క సిలిండరుదే అని చప్పుడు చెబితే, ఏ సిలిండరో తేల్చే పద్ధతి పాతది, నమ్మదగింది. ఇంజను నిలకడగా తిరుగుతుండగా ఒక్కో నాజిల్‌కు వచ్చే హై ప్రెషర్ పైపు నట్టును స్పానరుతో అర చుట్టు వదులు చేయాలి. ఆ సిలిండరుకు డీజిల్ అందదు. బాగున్న సిలిండరు దగ్గర వదులు చేస్తే ఇంజను మరింత కుదుపుకు లోనవుతుంది. చచ్చిన సిలిండరు దగ్గర వదులు చేస్తే ఏ మార్పూ ఉండదు. మార్పు లేని చోటే లోపం. నట్టు చుట్టూ గుడ్డ కప్పాలి, కళ్ళద్దాలు పెట్టుకోవాలి, తుంపర దగ్గర వేళ్ళు పెట్టకూడదు.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. ఈ పరీక్ష మెకానికల్ పంపు ఉన్న పాత ఇంజన్లకు మాత్రమే. నాజిళ్ళన్నిటికీ ఒకే ఉమ్మడి గొట్టం నుంచి డీజిల్ అందే కామన్ రైల్ ఇంజన్లలో పైపులోని ఒత్తిడి 1000 బార్లు దాటుతుంది. నడుస్తున్న కామన్ రైల్ ఇంజను నట్టు వదులు చేస్తే ఆ ధార చర్మాన్ని చీల్చి లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినట్టే కనబడినా ఆపరేషన్ అవసరమయ్యే గాయం అది. అలాంటి బళ్ళలో స్కానర్‌తోనే సిలిండర్ల పనితీరు చూడాలి. లేదా ప్రతి నాజిల్ రిటర్న్ గొట్టానికీ ఒక చిన్న సీసా కట్టి, ఒకే సమయంలో ఏది ఎక్కువ డీజిల్ వెనక్కి వదులుతుందో పోల్చాలి. మిగతావాటికన్నా చాలా ఎక్కువ వదిలేదే అరిగిన నాజిల్.

మెకానికల్ ఇంజనులో చచ్చిన సిలిండరు తెలిశాక దాని నాజిల్‌ను పక్క సిలిండరు నాజిల్‌తో మార్చి బిగించాలి. మిస్సింగ్ నాజిల్ వెంట పక్క సిలిండరుకు పోతే నాజిల్‌దే తప్పు. మొదటి సిలిండరులోనే నిలిస్తే తప్పు వాల్వులో, కంప్రెషన్‌లో, లేదా పంపు నుంచి ఆ సిలిండరుకు వచ్చే భాగంలో ఉంది. నాజిల్ తీసినప్పుడల్లా కింద ఉన్న రాగి వాషరు కొత్తది వేయాలి. పాతది గుంటలోనే అతుక్కుని ఉండగా దాని మీద ఇంకొకటి వేస్తే నాజిల్ ఎత్తు మారి, తుంపర పడాల్సిన చోట పడదు. వాషరు సరిగ్గా కూర్చోకపోతే నాజిల్ చుట్టూ తారులాంటి నల్ల మడ్డి చేరుతుంది, ఛక్ ఛక్ మని గ్యాసు కారే చప్పుడు వస్తుంది.

నాజిల్ మంచిదే అయితే వాల్వు కవరు తీసి టాపెట్ ఖాళీ చూడాలి. ఖాళీ లేకుండా బిగుసుకున్న వాల్వు పూర్తిగా మూసుకోదు. నొక్కిన గాలి దానిలోంచి జారిపోతుంది. ఎంత ఖాళీ ఉండాలో, ఇంజను చల్లగా ఉన్నప్పుడు చూడాలో వేడిగా ఉన్నప్పుడు చూడాలో, సిలిండర్లను ఎటు నుంచి లెక్కపెట్టాలో కంపెనీ పుస్తకంలో ఉంటుంది. అన్ని బళ్ళకూ ఒకటే కొలత అనుకోకూడదు. ఆ తరవాత కంప్రెషన్ గేజి. నాలుగు సిలిండర్ల అంకెలూ దగ్గర దగ్గరగా ఉండడం, అంకె పెద్దదిగా ఉండడమంత ముఖ్యం. ఒకటి బాగా తక్కువైతే దాని వాల్వో, రింగులో. పక్కపక్కనే ఉన్న రెండూ కలిసి తక్కువైతే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ పోయిందని దాదాపు చెప్పేయవచ్చు. రేడియేటరులో బుడగలు రావడం, ఇంజన్ ఆయిల్ తెల్లగా పాలలా మారడం దాన్ని ఖాయం చేస్తాయి. అలాంటి బండిని ఇక నడపకూడదు. పెట్రోల్ ఇంజనులో చేసినట్టు సిలిండరులో ఆయిల్ పోసి కంప్రెషన్ చూడడం డీజిల్‌లో ప్రమాదం. పిస్టను పైన ఉండే చోటు చాలా తక్కువ కాబట్టి, ఆయిల్ కొంచెం ఎక్కువైనా కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

పెట్రోల్ పికప్‌ల సంగతి కొంచెం వేరు. వాటిలో తేమ స్పార్క్‌నే దెబ్బ తీస్తుంది. కాయిల్ మీద, ప్లగ్గు వైర్ల మీద ఉప్పు తడి పేరుకుంటే కరెంటు ప్లగ్గు దాకా పోకుండా పక్కదారి పడుతుంది. చీకట్లో బానెట్ ఎత్తి చూస్తే నీలి మెరుపులు కనబడతాయి. ప్లగ్గు తీసి చూస్తే లేత గోధుమ రంగు మంచిది, పొడి మసి ఎక్కువ పెట్రోల్‌కు గుర్తు, ఆయిల్ తడి అరిగిన రింగులకు గుర్తు. అనుమానమున్న కాయిల్‌ను పక్క సిలిండరుకు మార్చి, లోపం దాని వెంట పోయిందేమో చూడాలి. కంప్యూటరు ఉన్న బళ్ళలో స్కానర్ చూపే పీ0301 కోడ్ 1వ సిలిండరు మిస్సింగ్‌ది, పీ0304 నాలుగోదానిది, పీ0300 ఏ ఒక్కదానికీ పరిమితం కానిది. కోడ్ చోటు చెబుతుంది, కారణం చెప్పదు. ఆ కారణాన్ని మనిషే వెతకాలి.

పెట్రోల్ అయినా, కామన్ రైల్ డీజిల్ అయినా, వైరింగ్ ఉన్న ప్రతి బండిలోనూ బ్యాటరీ ఎర్త్ వైరు, సెన్సార్ల కనెక్టర్లు విప్పి చూడడం ఈ దీవుల్లో తప్పనిసరి. పచ్చగా తుప్పెక్కిన ఒక పిన్ను మంచి సెన్సార్‌ను కూడా చెడ్డదిగా చూపిస్తుంది. మెకానికల్ డీజిల్ ఇంజనులో కూడా, డీజిల్ ఆపే సాలినాయిడ్ ఉన్నవాటిలో, దాని వైరు వదులైతే బండి ఉన్నట్టుండి ఆగి మళ్ళీ స్టార్ట్ అవుతుంది. దాన్ని పంపు లోపమని పొరబడతారు.

పరీక్షలు చేసేటప్పుడు ఒకసారికి ఒక మార్పే చేయాలి. ఫిల్టరు, నాజిల్, టాపెట్ ఒకే రోజు మారిస్తే దేని వల్ల బాగయిందో ఎప్పటికీ తెలియదు. లోపం ఎప్పుడు కనబడుతుంది, చల్లగానా వేడిగానా, లోడుతోనా ఖాళీగానా, వాన తరవాతనా, ట్యాంకు నింపిన తరవాతనా అని డ్రైవరు ఒక కాగితం మీద రాసి ఇస్తే మెకానిక్ సగం పని అయినట్టే.

అండమాన్ ట్రంక్ రోడ్డు మీద జిర్కాటాంగ్ చెక్‌పోస్టు నుంచి మిడిల్ స్ట్రెయిట్ దాకా సుమారు 50 కిలోమీటర్లు జారవా తెగ వారి రక్షిత ప్రాంతం. అక్కడ బళ్ళు నిర్ణీత వేళల్లో కాన్వాయ్‌గా మాత్రమే వెళ్ళాలి, దారిలో ఆగడానికి వీల్లేదు. రంగత్, మాయాబందర్, డిగ్లిపూర్ వైపు లోడుతో వెళ్ళే బళ్ళవాళ్ళకు విన్నపం ఒక్కటే. మిస్ కొడుతున్న బండిని ఆ గేటు దాటించవద్దు. ఫిల్టరు నీరు వదిలి, ట్యాంకు మూత చూసి, డ్రమ్ముల వేడి తడిమి, ఇంజను సాఫీగా తిరుగుతోందని విన్నాకే బయలుదేరండి.